బ్రేక్ మాస్టారి నాలుగు గళ్లు

ఆ రోజు పొద్దున్నే బ్రేక్ మాస్టారు ఒక పళ్ల డాక్టరును ఎద్దు అన్నాడు. డాక్టరు నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరిక ఆయనకు లేదు. స్టీరింగును ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతో పట్టుకుని, మెడ బిగబట్టి, ఎదురుగా వస్తున్న పాల వ్యాను వంక చూస్తున్నాడు. వ్యాను దగ్గరికి వచ్చేసింది. కాలు ఎటు వెయ్యాలో డాక్టరు తేల్చుకునేలోపే కారు గక్కున ఆగింది.

"చూశారా డాక్టరు గారూ? నేను లేకపోతే ఈపాటికి పాలల్లో తేలుతూ ఉండేవారు," అన్నాడు మాస్టారు. "ఎద్దు కూడా ఎదురుగా బండి వస్తే తనంతట తాను ఆగుతుందండీ."

డ్రైవింగ్ స్కూలు కార్లలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే నేర్పేవాడు తొక్కడానికి. ఎప్పుడో ఒకసారి అక్కరకొచ్చే వస్తువది. మాస్టారి కారులో మాత్రం దానికి విశ్రాంతి లేదు. కుక్క కనిపిస్తే తొక్కుతాడు. సైకిలు కనిపిస్తే తొక్కుతాడు. ఏమీ కనిపించకపోతే, ఏదైనా కనిపించబోతుందేమోనని తొక్కుతాడు. అందుకే జనం ఆయనకు బ్రేక్ మాస్టారని పేరు పెట్టారు. వెక్కిరింతగా పెట్టారు. ఆయన బిరుదుగా తీసుకున్నాడు. స్కూలు తెరిచిన ఇన్నేళ్లలో తన కారుకు గీత కూడా పడలేదన్నది ఆయన చెప్పుకునే గొప్ప. ఇంకో గొప్ప చెప్పమంటే మళ్లీ అదే చెబుతాడు.

స్కూలంటే టైర్ల కొట్టు పక్కన ఒక గది. గోడకు రోడ్డు గుర్తుల పటం, దాని కింద ఒక బెంచీ, మూలన ఒక బల్ల, బల్ల మీద ఫోను. బయట రెండు కార్లు. తెల్లకారు మాస్టారిది. రెండోది బూడిద రంగు పాతబండి. అందులో మాస్టారి భార్య ఆడవాళ్లకు నేర్పుతుంది. దాన్ని ఆయన "ఆడవాళ్ల బండి" అంటాడు, కాలి కింద నలిగిన కాగితం గురించి చెప్పినట్టు. ఆ బండిలో రెండో బ్రేకును ఆయన తన పొడుగుకాళ్లకు సరిపోయేలా బిగించాడు. తర్వాత బండి భార్యకు వచ్చింది, బ్రేకు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆమె పొట్టి మనిషి. దాన్ని అందుకోవాలంటే సీట్లోంచి సగం కిందికి జారాలి. జారితే రోడ్డు కనపడదు. మెకానిక్కును పిలిపించి కాస్త దగ్గరికి జరిపించమని ఆమె అడిగింది. "మీ వాళ్లు నత్తల్లా పోతారు, మీకు రెండో బ్రేకెందుకే?" అన్నాడు మాస్టారు. మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. మూడోసారి ఆమె అడగలేదు.

ఎదురు వరుసలో అద్దాల తలుపుల వెనక ఇంకో డ్రైవింగ్ స్కూలుంది. దాని యజమాని ఒకప్పుడు మాస్టారి దగ్గరే నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మాస్టారు అతన్ని "మొద్దు" అని పిలిచేవాడు, ఇప్పటికీ అదే పేరుతో తలుచుకుంటాడు. మొద్దు దగ్గర చల్లటి గది ఉంది, తెర ముందు కూర్చుని నడిపే బొమ్మ కారు ఉంది, ఫోనులో బుక్ చేసుకునే ఏర్పాటుంది. మాస్టారి దగ్గర మాస్టారున్నాడు. జనం ఏది ఎంచుకున్నారో విడిగా చెప్పనక్కర్లేదు. బెంచీ మీద దుమ్ము తుడిచేవాళ్లు తప్ప కూర్చునేవాళ్లు కరువయ్యారు.

కిందటి నెలలో మొద్దు స్వయంగా రోడ్డు దాటి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు, వినయంగానే మాట్లాడాడు. "మాస్టారూ, మీ అనుభవం వృథా పోకూడదు. మా దగ్గర చేరండి. మీకు విడిగా కుర్చీ వేయిస్తాను."

తిట్టి ఉంటే మాస్టారు తట్టుకునేవాడు. కుర్చీ వేయిస్తాననడం ఆయన గుండెల్లో దిగింది. ఈ నెల గడిచేలోగా ఏదో ఒక దారి దొరక్కపోతే గది ఖాళీ చేసి, రోడ్డు దాటి, ఆ కుర్చీలో కూర్చోవాల్సిందేనని ఆయనకు తెలుసు. ఆయన్ను భయపెట్టే విషయం ప్రపంచంలో అదొక్కటే.

దారి ఒక పార్సిళ్ల కంపెనీ రూపంలో కనిపించింది. ఇంటింటికీ సరుకులు చేరవేసే ఆ కంపెనీ కొత్తగా డ్రైవర్లను తీసుకుంటోంది. వాళ్లకు ఏడాది పాటు శిక్షణ ఇచ్చే పనిని ఒక డ్రైవింగ్ స్కూలుకు అప్పజెబుతుంది. కావలసినవాళ్లు తమ వ్యాపార ప్రణాళిక రాసి పంపాలి, అందులో స్వాట్ విశ్లేషణ తప్పనిసరి. ఆ ప్రకటనను భార్య ఫోనులో చదివి వినిపించింది.

"స్వాటా? అదేం రోగం?" అన్నాడు మాస్టారు.

"రోగం కాదు, పరీక్ష. మన బలాలు, బలహీనతలు, మనకున్న అవకాశాలు, మనకు రాబోయే ముప్పులు. నాలుగూ కాగితం మీద పెట్టాలట."

"నా గురించి నేను కాగితం మీద పెట్టడమేంటి? వచ్చి చూసుకోమను."

"చూడటానికి రమ్మనాలన్నా ముందు కాగితం పంపాలండీ. చిన్న వ్యాపారుల సంఘం వాళ్లు శనివారం నేర్పుతున్నారు. వెళ్లండి. లేదంటే చెప్పండి, ఎదురు స్కూలాయనకి కుర్చీ ఏ రంగుదైతే బాగుంటుందో కబురు పంపుతాను."

మాస్టారు వెళ్లాడు.

సంఘం హాలులో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు ఒక తెర, పక్కన ఒక కుర్రాడు. కుర్రాడే శిక్షకుడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు, కష్టపడే మనిషినని చెప్పడానికి కాబోలు. వచ్చీ రాగానే అందరితో చప్పట్లు కొట్టించాడు. "ఎనర్జీ! ఎనర్జీ!" అన్నాడు. చప్పట్లు కొడితే బుర్రలు తెరుచుకుంటాయని అతనికి ఎవరో నేర్పినట్టుంది. కళ్లజోళ్ల కొట్టాయన, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం అన్నదమ్ములు, ఒక బేకరీ యజమానురాలు, ఇంకో పదిమంది ఎందుకు కొడుతున్నామో తెలియకుండానే కొట్టారు. మాస్టారు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"బాబూ, నువ్వేం వ్యాపారం చేశావు?" అని అడిగాడు.

"నేను చెయ్యలేదు సార్. నేర్పుతాను."

"ఓహో. గట్టున నిలబడి ఈత నేర్పే రకమా?"

బేకరీ ఆవిడ పక్కకు తిరిగి నవ్వింది. కుర్రాడు కూడా నవ్వాడు. ఇలాంటివాళ్లు వారానికొకరు తగులుతారు కాబట్టి అతనికి అలవాటే. తెర మీద పెద్ద కూడిక గుర్తు వేశాడు. నాలుగు గళ్లు వచ్చాయి. పై రెండూ మీ లోపలివి అన్నాడు, బలాలు, బలహీనతలు. కింది రెండూ బయటివి, అవకాశాలు, ముప్పులు. తర్వాత రంగురంగుల బాణాలు, కొండెక్కుతున్న మనిషి బొమ్మ, పొడుస్తున్న సూర్యుడు, ఇలా ఒక గంట సేపు తెర మీద ఏవేవో నడిచాయి. ఆ గంటలో పనికొచ్చే మాట ఒక్కటే వచ్చింది. అదీ ఇస్త్రీ అన్నదమ్ములు పోట్లాడుకుంటేనే వచ్చింది.

వాళ్లలో చిన్నవాడు వర్షాకాలాన్ని బలహీనతల గడిలో రాశాడు. పెద్దవాడు అది ముప్పు అన్నాడు.

"మీ కొట్టు రేపే మూసేశారనుకోండి. అప్పుడు వాన ఆగిపోతుందా?" అని అడిగాడు కుర్రాడు.

"ఎందుకాగుతుంది?"

"మీరు పోయినా ఉండేది బయటిది. అది ముప్పు. మీతో పాటే మూతపడేది లోపలిది. అది బలహీనత. బట్టలు ఆరబెట్టడానికి మీకు పైకప్పున్న చోటు లేదు కదా? అదీ మీ బలహీనత. వాన మీది కాదు, చోటు లేకపోవడం మీది."

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి తలూపారు. వాళ్లు ఆ రోజు ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడొక్కచోటే. మాస్టారు ఆ మాట వినలేదు. తన కాగితం మీద వంగి ఉన్నాడు.

కుర్రాడు వరుసల మధ్య తిరుగుతూ వచ్చి ఆయన కాగితం చూశాడు. బలాల గడి నిండిపోయి గీత దాటి పక్క గడిలోకి పారింది. అనుభవం, క్రమశిక్షణ, గొంతు, నిజాయితీ, చూపు, సమయపాలన. బలహీనతల గడిలో మిగిలిన కాస్త చోటులో మూడు మాటలున్నాయి. ముక్కుసూటితనం. అతి మంచితనం. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల మొద్దుతనం.

"సార్, ముక్కుసూటితనం, అతి మంచితనం... ఇవి పెళ్లిచూపుల్లో చెప్పుకునే బలహీనతలు," అన్నాడు కుర్రాడు. "మూడోది అసలు మీదే కాదు."

"నా దగ్గరికొచ్చేవాళ్లది నాది కాక ఎవరిది?"

"సరే, మీదే అనుకుందాం. మీ స్కూలు మూసేస్తే వాళ్లు తెలివైనవాళ్లు అయిపోతారా?"

"అవ్వరు. ఎదురు స్కూలుకి పోతారు."

హాలంతా నవ్వింది. తను చెప్పిన జోకుకే నవ్వారనుకుని మాస్టారు కూడా మీసం కింద నవ్వాడు.

సాయంత్రం పంపేముందు కుర్రాడు అందరికీ ఒక పని పెట్టాడు. మీ బలహీనత మీకు కనిపించదు, మీ మెప్పుతో పని లేనివాళ్లను అడగండి అన్నాడు. "ఇంట్లో ఒకరిని, మీ దగ్గర ఒకప్పుడు పని చేయించుకున్నవాళ్లను ఒకరిని. వాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడొద్దు. విని, రాసుకుని, గళ్లలో పెట్టండి."

ఒకరిని అడగడం, అడ్డు రాకుండా వినడం, ఈ రెండు పనుల్లో ఏదీ మాస్టారు జీవితంలో చేసి ఎరగడు.

ఇంటికొచ్చేసరికి మరదలు వచ్చి ఉంది. ఆమె మాస్టారి భార్యకు చెల్లెలు, రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, రోజూ పని అయ్యాక బస్సు దిగి ఇటు తొంగిచూసి వెళ్తుంది. మాస్టారి దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సుంది. కారూ ఉంది. ఆ కారు మాత్రం ఇంటి ముందు ముసుగేసుకుని పడుకుని ఉంటుంది.

"ఏంటి బావా, క్లాసుకి వెళ్లావంట? పలకా బలపం ఇచ్చారా?"

"నోరు ముయ్యి. అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాలో లోపమేంటో చెప్పు."

మరదలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అక్కా, స్టవ్వు ఆపేసి రా. ఇది నిలబడి వినే సంగతి కాదు."

"వేళాకోళాలు వద్దు. ఒక్కటి చెప్పు చాలు."

"ఒక్కటేనా?" ఆమె కాస్త ఆలోచించింది. తర్వాత గొంతులో వేళాకోళం తగ్గింది. "బావా, నేను బస్సులో ఎందుకు తిరుగుతున్నానో ఎప్పుడైనా అడిగావా?"

"బద్ధకం."

"నాకు బ్రేకు వెయ్యడం రాదు. నీ దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ నేనొక్కసారి కూడా వెయ్యలేదు. నేను కాలు ఎత్తేలోపు నువ్వు తొక్కేసేవాడివి. లైసెన్సు పరీక్ష రోజు కూడా పక్కన కూర్చుని నువ్వే తొక్కావు, పాపం ఆ ఆఫీసరు చూడలేదు. కారు కొన్నాక మొదటిరోజు రోడ్డెక్కాను. ఎదురుగా ఆటో వచ్చింది. నేనేం చేశానో తెలుసా? పక్క సీటు వైపు తిరిగి చూశాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కారుకి ముసుగేశాను."

లోపలి నుంచి మాస్టారి భార్య అంది: "నేనైతే ఆ మాట చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేశాను."

మధ్యలో మాట్లాడకూడదన్న నియమం మాస్టారి విషయంలో అంతవరకే నిలబడింది. "నీ చేతగానితనానికి నా కాలు అడ్డం పెట్టకు," అని అరిచాడు. "ఇన్నేళ్లలో నా బండికి గీత పడిందా? ఒక్కరికి ముక్కు చిట్లిందా? నా కాలే లేకపోతే నువ్వివాళ ఏ ఆస్పత్రిలోనో ఉండేదానివి. ఆ కాలుకి దణ్ణం పెట్టాలి మీరంతా!"

"ఏది, చాపు, పెడతాను," అంది మరదలు.

అక్కచెల్లెళ్లు ఇద్దరూ పడీపడీ నవ్వారు. మాస్టారు కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్లాడు.

ఆ కోపంలోనే ఆయన తన స్వాట్ పూర్తి చేశాడు. బలాల గడిలో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో ఇలా రాశాడు: 'రెండో బ్రేకు మీద మాస్టారి కాలు ఎల్లవేళలా ఉంటుంది. విద్యార్థికి బ్రేకు గురించి ఆలోచించాల్సిన అవసరమే రాదు.' ముప్పుల గడిలో మొద్దును రాశాడు. అవకాశాల గడిలో పార్సిళ్ల కంపెనీని రాశాడు. ఆ రెండూ సరిగ్గానే ఉన్నాయి, మొద్దు అసలు పేరు రాయాలన్నది తప్ప. బలహీనతల గడి దగ్గర కాసేపు ఆగాడు. ఖాళీగా వదిలితే ఒప్పుకోరని కుర్రాడు చెప్పాడు. ఏదో ఒకటి రాయాలి, తనది కానిది రాయాలి. రోడ్డు వైపు చూశాడు. బూడిద రంగు పాతబండి కనిపించింది. 'ఆడవాళ్ల బండి. పాతది. అందులో నేర్పే మనిషికి రెండో బ్రేకు అందదు. నోటితోనే నెట్టుకొస్తోంది' అని రాసి చుక్క పెట్టాడు.

మనిషి తన గురించి తెలుసుకోవడానికి ఇచ్చిన కాగితాన్ని పెళ్లాం మీద ఫిర్యాదుగా మార్చడం కూడా ఒక విద్యే. మాస్టారికి ఆ విద్య బాగా వచ్చు.

కాగితాన్ని భార్యే ఫోటో తీసి పంపింది. పంపుతూ చదివింది కూడా. 'మనిషి' అని రాశారు, భార్య అని రాయలేకపోయారా అని మాత్రం అడిగింది. ఆఫీసు కాగితాల్లో చుట్టరికాలు రాయకూడదని మాస్టారు చెప్పాడు.

వారం తిరక్కముందే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఇద్దరినే పిలిచారు, మాస్టారినీ మొద్దునూ. ఎవరి కార్లు వాళ్లు తెచ్చుకోవాలి, ఒక్కో కారుకి ఇంకా లైసెన్సు రాని విద్యార్థిని ఒకరిని వెంట తేవాలి. మొద్దు పొద్దుటి పూట వచ్చి తన పని చూపించి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మాస్టారి వంతు. తెల్లకారులో పళ్ల డాక్టరును ఎక్కించుకున్నాడు, ఎంతైనా హోదా ఉన్న మనిషని. వెనక పాతబండిలో భార్య, ఆమె దగ్గర కొత్తగా చేరిన ఒక దర్జీ ఆవిడ.

కంపెనీ గోడౌను ముందు పెద్ద ఆవరణ. ఒక పక్క వ్యాన్లు నిలబడి ఉన్నాయి. ఇంకో పక్క ఖాళీ అట్టపెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. మేనేజరు నడివయసు ఆవిడ, తెల్లజుట్టు కురచగా కత్తిరించుకుంది, మాటలు అంతకన్నా కురచ. మాస్టారి కాగితం ఆవిడ చేతిలో ఉంది.

"ఇది మీరే రాశారా?"

"నేనే మేడమ్. ఒక్క ముక్క ఎవర్నీ అడగలేదు."

"తెలుస్తోంది," అందావిడ. "ఈ మొదటి లైను. విద్యార్థికి బ్రేకు గురించి ఆలోచించాల్సిన అవసరం రాదు. మా డ్రైవర్లు వ్యానులో ఒంటరిగా వెళ్తారండీ. పక్క సీట్లో పార్సిళ్లుంటాయి. పార్సిలు బ్రేకు తొక్కుతుందా?"

మాస్టారు గట్టిగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"మీరు కూర్చోండి. మీ విద్యార్థి నడుపుతారు. అదిగో, ఆ పెట్టెల ముందు తెల్లగీత గీయించాను. అక్కడ ఆపితే చాలు. మీ కాళ్లు మాత్రం కింద పెట్టొద్దు. సీటు మీద బాసింపట్టు వేసుకోండి."

మాస్టారు తన సొంత కారులో, తను రాజ్యమేలిన సీట్లో, బూట్లు విప్పి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. డాక్టరు బండి కదిపాడు. బాగానే కదిపాడు. గేరు మార్చాడు, అదీ బాగానే మార్చాడు. ఆ చివరి నుంచి తెల్లగీత దగ్గరపడుతోంది. మాస్టారి కుడికాలు ముడి విడిపించుకోవాలని గింజుకుంది. ఆయన దాన్ని రెండు చేతులతో అదిమి పట్టాడు. నోటితో చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఆవిడ నోరు మూసుకోమనలేదు. కానీ ఇన్నేళ్లలో 'ఇప్పుడు బ్రేకు వెయ్యి' అనే మాట ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదాయనకు. ఎద్దు, గాడిద, మొద్దు అన్న మాటలు మాత్రమే నోట్లో తిరిగాయి. ఆ క్షణంలో వాటి వల్ల ఉపయోగం లేదు.

తెల్లగీత కారు కిందికి పోయింది. డాక్టరు తల తిప్పి మాస్టారి వైపు చూశాడు. బండి ఎందుకు ఆగడం లేదన్న ఆశ్చర్యం తప్ప ఆ ముఖంలో భయం కూడా లేదు. కారు నెమ్మదిగా, నిబ్బరంగా అట్టపెట్టెల గుట్టలోకి దూరి, ఇంజను ఆగి నిలబడింది. పైనున్న పెట్టెలు ఒక్కొక్కటే కారు కప్పు మీద పడ్డాయి. ఒకటి అద్దం మీదికి జారి ఆగింది.

"మాస్టారూ," అన్నాడు డాక్టరు నిష్ఠూరంగా, "మీరు తొక్కలేదేం?"

వెనక సీట్లోంచి మేనేజరు దిగింది. బంపరు దగ్గర వంగి చూసింది. బంపరు మీద, పెట్టెకున్న ఇనుప పట్టీ గీసిన గీత కనిపించింది, చూపుడు వేలంత. మాస్టారు కూడా చూశాడు. ఆయన కళ్లు డాక్టరు మీదికి తిరిగాయి. "ఏం మనిషివయ్యా నువ్వు? ఎదురుగా గుట్టంత కనపడుతుంటే బ్రేకు ఎక్కడుందో తెలీదా?"

"ఎక్కడుందో తెలుసండీ. ఎప్పుడెయ్యాలో తెలీదు. అది మీ పని కదా?" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత చొక్కా సర్దుకుని, తనకు క్లినిక్కులో పేషెంట్లు ఎదురుచూస్తున్నారని చెప్పి, ఆటో పిలుచుకుని వెళ్లిపోయాడు. మాస్టారు ఇన్నాళ్లూ వాడిన జంతువుల పేర్లకు ఆయన తిరిగి ఒక్క పేరూ వాడలేదు. అది మర్యాదో నిర్లక్ష్యమో తెలియదు, మాస్టారికి మాత్రం రెండోదే అనిపించింది.

మేనేజరు కాగితంలో బలహీనతల గడి చూసింది. "ఈ ఆడవాళ్ల బండి ఏది?"

"అది వద్దు మేడమ్. డొక్కు బండి. ఊరికే వెంట తెచ్చాం," అన్నాడు మాస్టారు.

"రాసింది మీరే కదా. చూద్దాం."

కూలీలు పెట్టెలు మళ్లీ పేర్చారు. దర్జీ ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన మాస్టారి భార్య. ఆమె కాళ్లు బాసింపట్టు వెయ్యక్కర్లేకుండానే గాల్లో ఉన్నాయి. ఒక చెయ్యి మాత్రం రెండు సీట్ల మధ్యనున్న హ్యాండు బ్రేకు మీద ఉంది.

"అమ్మా, తొందరేం లేదు," అంది మాస్టారి భార్య. "ఆ పెట్టెలు బట్ట అంచనుకో. కుట్టు అంచు దాకా వచ్చాక మిషను ఆపుతావా, ముందే కాలు వదులు చేస్తావా?"

"ముందే వదులు చేస్తానక్కా. లేకపోతే అంచు దాటిపోదూ?"

"అంతే. నాకేసి చూడకు. నాకేసి చూస్తే ఏముంటుంది? నా కాలు ఎలాగూ అందదు. ముందుకి చూడు. వదులు చెయ్యి... ఇంకొంచెం... ఇక నీ ఇష్టం."

కారు తెల్లగీతకు జానెడు ముందు ఆగింది. ఆగాక దర్జీ ఆవిడ కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచే నడపాలని మేనేజరు వెనక నుంచి చెప్పింది. ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడే.

ఇంకో రెండుసార్లు చేయించింది. రెండోసారి గీత దాటి ఆగింది, మూడోసారి మళ్లీ ముందే ఆగింది. ఆవిడ దిగి వచ్చి, మాస్టారు నిలబడ్డ చోటికి నడిచింది. మాస్టారు ఇంకా ఒక బూటు తొడుక్కుంటూనే ఉన్నాడు.

"పొద్దున వచ్చినాయన దగ్గర యంత్రాలు బాగున్నాయి. కానీ ఆయన తెచ్చిన విద్యార్థి నిజం రోడ్డెక్కితే తెర కోసం వెతుక్కుంటున్నాడు," అంది. "మాకు మీ స్కూలు కావాలి. అంటే ఆ బండి కావాలి, ఆవిడ కావాలి. షరతులు రెండు. ఆ రెండో బ్రేకు ఆవిడ కాలికి అందేలా బిగించండి. అందాక కూడా ఆవిడ దాన్ని ఊరికే తొక్కకూడదు, అది వేరే సంగతి. ఇంకోటి, ఈ కాగితం మళ్లీ రాయాలి. మా ఫైల్లో ఇది ఇలా పెట్టలేను."

"ఏం తప్పుంది మేడమ్ అందులో?"

"పెద్ద తప్పులేం లేవు. రెండు లైన్లు గళ్లు మారాయి. ఇది అక్కడికి, అది ఇక్కడికి." ఆవిడ వేలితో చూపించింది. "స్కూలు మీ పేరు మీద ఉంది కాబట్టి మీ చేత్తోనే రాయాలి. ఇప్పుడే రాసిస్తే ఇప్పుడే సంతకం పెడతాను."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె దర్జీ ఆవిడకు మంచినీళ్లు పోస్తోంది. ఇటు చూడలేదు.

కొత్త కాగితం ఇచ్చారు. మాస్టారు కారు బానెట్టు మీద పెట్టుకుని కూడిక గుర్తు గీశాడు. బలాల గడిలో పాతబండినీ, అందులో నేర్పే మనిషినీ రాశాడు. బలహీనతల గడిలో కలం ఆగింది. ఎదురుగా ఆవరణ గేటు, గేటు అవతల రోడ్డు. ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో, దాని చివర ఎవరి అద్దాల తలుపులున్నాయో, వాటి వెనక ఎవరికోసం కుర్చీ వేసి ఉందో ఆయనకు తెలుసు. 'మాస్టారి కాలు' అని రాశాడు. చాలా చిన్న అక్షరాలతో రాశాడు. మేనేజరు కళ్లజోడు పెట్టుకుని చదివి, సంతకం పెట్టింది.

ఇంటికి వస్తూ తెల్లకారులో ఆయన ఒక్కడే ఉన్నాడు. డాక్టరు సరిగ్గా చేసుంటే ఇదంతా జరిగేది కాదని దారి పొడుగునా గొణిగాడు. ఇంటికొచ్చాక మరదలితో కూడా అదే అన్నాడు. మరదలు, తను కూడా అక్క దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటానంది. వరసలో నిలబడమంది అక్క.

సోమవారం మెకానిక్కు వచ్చి పాతబండిలో రెండో బ్రేకును దగ్గరికి జరిపాడు. మంగళవారం కంపెనీ డ్రైవర్లు వచ్చారు. గోడ మీది పటం ముందు నిలబడి రోడ్డు గుర్తులు చెప్పే పని మాస్టారికి ఒప్పజెప్పారు. మొదటి బ్యాచ్‌లో పదకొండు మంది. గుర్తుల క్లాసు అయ్యాక పదకొండు మందీ లేచి ఆడవాళ్ల బండి దగ్గరికి వెళ్లారు.